ముసలయ్యగారి మెదడుకు సన్మానం

ఈ హిందీ ఊళ్లో మాంగో పేట వాస్తవ్యులు ముసలయ్యగారి మెదడులో రక్తనాళం పూడుకుపోయిన శుభసందర్భంలో, మన తెలుగు సంఘం ఆయనకు ‘భాషా పరిరక్షక’ బిరుదు ప్రదానం చేసినట్లు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

మెదడులో వేరువేరు శాఖలున్నాయని డాక్టరుగారు పటం చూపించి చెప్పారు. చూపు వెనక భాగానిది. నడకలో తూలిపోకుండా కాచేది దాని కింద ఉండే చిన్న ముద్ద. మాట ఎడమవైపుది, కుడి చేతిని కదిపేదీ ఎడమవైపే. ముసలయ్యగారికి దెబ్బ తగిలింది అక్కడే. కుడి చెయ్యి పడిపోయింది. ట్రక్కుల కార్ఖానాలో ఉద్యోగం చేసినన్నాళ్లూ పలికిన హిందీ, దానితోపాటు వచ్చిన కాస్త ఇంగ్లీషు కొట్టుకుపోయాయి. కొందరిలో ఒక భాష పోయి మరొకటి మిగులుతుందట. ఈయనకు తెలుగు మిగిలింది. ఇంటిల్లిపాదీ దిగులుపడ్డారు.

కొడుకు మురళికి తెలుగు రాదనుకోకండి. వచ్చు. జవాబు మాత్రం హిందీలో ఇస్తాడు. తాను భాష మార్చుకోవడం కన్నా తండ్రి మెదడును మరమ్మతు చేయించడమే సులువని తీర్మానించాడు. రాంచీ వైపు ఒక శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ చేరినవాళ్ల చెవిన హిందీ తప్ప మరో మాట పడనివ్వరు. అందుచేత ముసలయ్యగారి భార్య నూకాలమ్మ వెంట వెళ్లకూడదు, చూడడానికీ రాకూడదు. పొద్దస్తమానం తెలుగులో మాట్లాడి ఆయన జబ్బు ముదరబెడుతున్నది ఆవిడేనని తేలింది.

“ఏటిరా మురళీ, మీ అయ్య నాతో బాగానే మాటాడతన్నాడు కదరా. జబ్బేటి?” అంది నూకాలమ్మ.

“అమ్మా, తుమ్ నహీ సమఝోగీ. సెంటర్‌వాలే జాన్తే హై.”

“ఆల్లకేటి తెలుసురా? కూరలో ఉప్పు లేదని ఆయన ఎవులితో తగువాడతాడు?”

మురళి ఫోను చూసుకున్నాడు.

కారు ఎలాగూ మాట్లాడారు కనుక, వెళ్లే రోజునే దాన్ని సోనారి పేటలోని మన సంఘం హాలుకు తిప్పించి సభ పెట్టాం. అధ్యక్షులు కూర్మారావుగారు దేవనాగరి లిపిలో రాసుకొచ్చిన తెలుగు ప్రసంగం చదివారు. “మహాశయులారా! ఈ మహనీయుని మెదడులో సర్వభాషలూ నేలకూలినా తెలుగు మాత్రం ధ్వజస్తంభంలా నిలిచింది! ఔర్ క్యా సబూత్ చాహియే? మన పిల్లలందరికీ ఇటువంటి మెదడు ప్రసాదించమని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాను!”

తల్లులు కంగారుగా పిల్లలను దగ్గరకు లాక్కున్నారు.

శాలువా కప్పి మైకు అందించాం. ముసలయ్యగారు ఎడమ చేత్తో పట్టుకున్నారు.

“బాబూ, నన్ను పంపకండి. మా నూకాలు లేకపోతే నాను బతకనేను. పెద్దోల్లు, మావోడికి ఒక్క మాట సెప్పండి.”

ఉచ్చారణ అమోఘం. హాలంతా చప్పట్లు.

“సెప్పండి బాబూ,” అన్నారు మళ్లీ. ఈసారి లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. మురళి వచ్చి మైకు తీసుకుని తండ్రిని కారెక్కించాడు. నూకాలమ్మ ఆటోలో మాంగో వెళ్లిపోయింది.

పాపం, వాళ్లకు తెలుగు అర్థమై ఉండదని మీరు మమ్మల్ని క్షమించబోతున్నారు. అక్కర్లేదు. ఆయన అన్న ప్రతి మాటా హాలులో అందరికీ అర్థమైంది. లేకపోతే అంత గట్టిగా చప్పట్లెందుకు కొడతాం?