ఇరవై ఏడు క్వింటాళ్ల చిటికెడు

"ఇంకో వారం పోతే ఈ జిల్లాలో గంజాయి మందుకైనా దొరకదు!" అని మన ఆబ్కారీ మంత్రిగారు నిజామాబాద్ సభలో ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. బోధన్ విలేకరిగా అది నా విధి.

ఇన్‌స్పెక్టర్ రామ్‌దాస్ గారు ఆరు రోజులు జీపు దిగకుండా వెతికారు. నిజంగానే మందుకైనా దొరకలేదు. పాపం, దొరకనిదాన్ని ఎట్లా నిర్మూలిస్తారు? ఏడో రోజు చక్కెర ఫ్యాక్టరీ కాంటా దగ్గర అదృష్టం పండింది. మోస్రా రైతు ఆశన్న చెరుకు బండిని కాంటా మీదికి తోలి, పగ్గాలు పట్టుకుని కూర్చున్నాడు. అతని రుమాలు కొంగున చిటికెడు గంజాయి ముడి దొరికింది.

"ఎద్దుకు కడుపుబ్బితే బెల్లంల కలిపి పెడ్త సార్," అన్నాడు ఆశన్న.

రామ్‌దాస్ గారు కాంటా గుమాస్తా వైపు తిరిగారు. "ఎంత తూగింది?"

"ఇరవై ఏడు క్వింటాళ్ల అరవై కిలోలు సార్. గని గది చెరుకు, బండి, ఎద్దులు, ఆశన్న అన్ని కలిపి. ఖాళీ బండి తూకం తీసెయ్యాలె."

"చెరుకుల తీసేస్తరు. నేరంల తీసేసుడు ఉండదు," అని చీటీ జేబులో పెట్టుకున్నారు. ఆయన చట్ట పరిజ్ఞానాన్ని నేను పొల్లు పోకుండా రాసుకున్నాను.

మర్నాడు ఇరవై ఏడు క్వింటాళ్ల గంజాయి దొరికిందన్న నా వార్త మొదటి పేజీకెక్కింది. మంత్రిగారు ఆ అంకెను అసెంబ్లీలో మూడుసార్లు చదివారు, ప్రతిసారీ బల్లలు మోగాయి. ఆశన్న లాకప్‌లో కూర్చున్నాడు. పొలంలో ఇంకా మూడెకరాల చెరుకు నిలబడి ఉంది. పదిహేను రోజుల్లో కొట్టి పంపకపోతే ఫ్యాక్టరీ తీసుకోదు. ఏడాదంతా ఆ ఇంటి తిండి ఆ చెరుకే.

అతని భార్య లింగవ్వ వకీలును వెతుక్కుంటూ నిజామాబాద్ వచ్చింది. మొదటి వకీలు అంకె విని కుర్చీ వేయించాడు. ఆమె కాళ్లకు చెప్పులు లేకపోవడం చూసి తీయించాడు. రెండో ఆయనది మంత్రిగారి పార్టీ. నేరం ఒప్పుకుంటే దేశానికి మంచిదని సలహా ఇచ్చాడు. మూడో ఆయన ఏసుదానం, మిషన్ కాంపౌండు ముసలి వకీలు. ఫీజు మాట ఎత్తకుండా లాకప్‌కు నడిచాడు.

"సూడు ఆశన్నా, గంజాయి దగ్గర పెట్టుకునుడే నేరం. చిటికెడైతే జుర్మానా కట్టి ఇంటికి పోతవు. బండెడైతే ఏండ్లకేండ్లు జైలు."

"మరి మా ఎద్దులు సార్?"

"చార్జిషీట్ల అవి గుడ గంజాయే."

"నేను?"

"నువ్వు ఓ అరవై కిలోల గంజాయి."

కోర్టులో ఏసుదానం వాదించలేదు, ఒక్కటే అడిగాడు. "పట్టుకున్న మాలు మొత్తం చూపించమనండి."

రామ్‌దాస్ గారు ముడి తీసి బల్ల మీద పెట్టారు. మేజిస్ట్రేటు అద్దాలు సవరించుకుని, "మిగతాది?" అన్నారు. ఇన్‌స్పెక్టర్ గారు గడువు అడిగి, బయటికి పరుగెత్తి హైదరాబాద్‌కు ఫోన్ చేశారు.

"అసెంబ్లీల చెప్పిన అంకె తగ్గుతదా? పుట్టియ్యి!" అన్నారట మంత్రిగారు.

సాక్ష్యం సిద్ధం కావడానికి ఆరు నెలల వాయిదా దొరికింది. వారానికి ఆశన్నకు బెయిలూ వచ్చింది. చెరుకు గడువు ఇంకా నాలుగు రోజులుంది. లింగవ్వ ఏసుదానం కాళ్లు మొక్కింది. రామ్‌దాస్ గారు పెద్దమనసుతో అందరినీ తన జీపులోనే మోస్రాకు తీసుకెళ్లారు. నేనూ ఎక్కాను.

పొలంలో చెరుకు లేదు. మూడెకరాలూ దున్ని, సాళ్లు తీసి, గట్టు మీద బోర్డు పాతారు: 'ప్రభుత్వ సాక్ష్యం. ముట్టరాదు.'

"నా చెరుకేది సార్?"

"నేరం నీదైనంక నీ భూమిలనే మొలవాలె గద," అన్నారు రామ్‌దాస్ గారు ఆప్యాయంగా. "విత్తనం, ఎరువు సర్కారే ఇస్తది."

లింగవ్వ గట్టు మీద కూలబడి గుండెలు బాదుకుంది. ఏసుదానం జేబులోంచి బెయిలు కాగితం తీసి, చివరి షరతు మెల్లగా చదివాడు. ముద్దాయి రోజూ నీళ్లు కట్టి, కాపలా కాయవలెను. కోతలో ఒక్క కిలో తగ్గినా ప్రభుత్వ ఆస్తి దొంగతనం కింద రెండో కేసు.

నేను విత్తన ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చే తేదీ రాసుకున్నాను. ఆశన్న ముసలాయన దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"వకీల్‌సాబ్, గీ బెయిలు వాపస్ ఇయ్యొచ్చునా?"