లేచినవాడిదే పని

ఆ ఉదయం హెడ్ గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. మీటింగులో వెనక వరుసలో నోరు మూసుకుని కూర్చోవాలి. అది అవగానే ఆఫీసరుగారిని వారం రోజులు సెలవు అడగాలి. అమ్మనీ తన ఆవిడనీ సముద్రం చూపించడానికి తీసుకెళ్ళాలి. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, సెలవు అడక్కముందే రైలు టికెట్లు కొనేశాడు.

అత్తాకోడళ్ళకు నెల్లాళ్ళుగా మాటల్లేవు. వంటింటి కిటికీ తెరిచి ఉంచాలని కోడలు, మూసి ఉంచాలని అత్తగారు. మధ్యలో కిటికీ రెక్కలా కొట్టుకుంటున్నది మాత్రం ఇతను.

"ఒరేయ్, పాలు పొంగుతున్నాయని మీ ఆవిడతో చెప్పు."

"నాకూ కళ్ళున్నాయని మీ అమ్మగారితో చెప్పండి."

ఇతను చెప్పేలోపు పాలు పొయ్యిపాలయ్యేవి. సముద్రం ముందు కూర్చోబెడితే ఎవరో ఒకరు "అబ్బ, ఎన్ని నీళ్ళో" అనకపోరు, రెండోవాళ్ళు "అవును" అనకపోరు. అదీ అతని ఆశ.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఆఫీసరుగారు ఎవరి నెత్తినా పని రుద్దడు. పనేమిటో చెప్పి, కళ్ళజోడు మీదుగా చూస్తూ కూర్చుంటాడు. ముందు ఎవరు లేచి నిలబడితే పని వాళ్ళదే. అందుకే మీటింగులో కుర్చీలకు అతుక్కుపోయి కూర్చోవడం అందరికీ బాగా అలవాటైంది.

"ఈసారి ఆఫీసు ఆటల పోటీలు ఎవరు జరిపిస్తారు?" అన్నాడు ఆఫీసరు.

సరిగ్గా అప్పుడే హెడ్ గుమాస్తా కుడికాలి పిక్క పట్టేసింది. కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టరుగారు మాత్ర రాసినప్పటి నుంచీ కాళ్ళు అతని మాట వినడం మానేశాయి. "అమ్మో!" అంటూ నిలువునా లేచాడు.

గదంతా చప్పట్లు. "భేష్! మరి పరుగుపందెంలో ఎవరు దిగుతారు?"

కూర్చోబోతుంటే ఎడమ పిక్క అందుకుంది. మళ్ళీ లేచాడు.

"ఉత్సాహమంటే ఇదీ! పోటీలయ్యేదాకా నువ్వు ఊరు కదలకూడదు సుమా," అన్నాడు ఆఫీసరు. రైలు టికెట్లున్న జేబును అతను అరచేత్తో కప్పుకున్నాడు.

మర్నాడు మైదానంలో సాధన. ఆఫీసరు ఈల ఊదాడు. హెడ్ గుమాస్తా నాలుగడుగులు వేసి, పిక్క పట్టేసి నేలమీద వెల్లకిలా పడి, కాలి బొటనవేలు పట్టుకుని గట్టిగా లాక్కోసాగాడు. అదేదో కొత్త కసరత్తు అనుకుని టైపిస్టు పడుకుంది, అకౌంటెంటు పడుకున్నాడు. సిబ్బందంతా పడుకున్నాక తాను నిలబడితే బాగుండదని ఆఫీసరు కూడా పడుకుని బొటనవేలు అందుకోబోయాడు. వేలు అందలేదు, నడుము పట్టేసింది.

ఇద్దరినీ ఒకే కారులో వేసుకుని, దగ్గరగా ఉందని హెడ్ గుమాస్తా ఇంటికి తీసుకొచ్చారు. ఒకరు మంచం మీద, ఒకరు సోఫాలో. డాక్టరుగారు వచ్చి ఆఫీసరు నడుముకు మందు రాసి, హెడ్ గుమాస్తా కాళ్ళు నొక్కి చూశాడు.

"ఈ మాత్రతో కొందరికి కండరాలు పట్టేయడం మామూలే. కానీ ఇంత చిన్న మోతాదుకి ఇన్ని గెంతులా! రోజూ ఎప్పుడు వేసుకుంటున్నారు?"

"రాత్రి భోజనమయ్యాక నేనే ఇస్తున్నానండీ," అంది ఆవిడ.

"అదేమిటి, పొద్దున్నే నేను కదా ఇస్తున్నాను!" అంది అమ్మ.

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెల్లాళ్ళలో అదే మొదటిసారి.

"అత్తయ్యా, మీరూ ఇస్తున్నారా?"

"నిన్ను అడుగుదామంటే మాటల్లేవాయె. మర్చిపోతున్నావేమోనని ఇచ్చానే తల్లీ!"

డాక్టరుగారు అతని వైపు తిరిగాడు. "రెండుసార్లు వేసుకుంటున్నట్టు మీకైనా తెలియదా?"

"మందు కళ్ళు మూసుకుని మింగడం చిన్నప్పటి అలవాటండీ. పొద్దున్నది బలానికనుకున్నాను. అదేమిటని అడిగితే రెండోవాళ్ళ ప్రస్తావన వస్తుంది, వస్తే ఇల్లు దద్దరిల్లుతుంది..."

"మీసాలొచ్చిన మగాడివి, ఏం మింగుతున్నావో చూసుకోనక్కర్లేదట్రా?" అంది అమ్మ.

"బాగా అడిగారత్తయ్యా! ఇంకా అడగండి," అంది ఆవిడ.

ఇద్దరూ వంతులు వేసుకుని తిట్టారు. ఆ తిట్లు వింటుంటే అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో మళ్ళీ మాటలు వినిపిస్తున్నందుకు కళ్ళు చెమర్చాయి కూడా. నొప్పికనుకుని ఇద్దరూ చెరో కాలూ పట్టారు.

డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, కొన్నాళ్ళు మాత్ర ఆపించి, నొప్పులు తగ్గాక రాత్రిపూట ఒక్కటే వేసుకోమన్నాడు. పరుగు తప్పింది కానీ, పోటీలు జరిపించే పని తప్పలేదు. నడుముకు పట్టీ పడ్డా ఆఫీసరు పద్ధతి మార్చుకోలేదు.

వృథాగా పోనివ్వడమెందుకని ఆ టికెట్ల మీద అత్తాకోడళ్ళే వెళ్ళారు, వంటింటి కిటికీ ఓరగా తెరిచి. పోటీలు ముగిసిన రాత్రి అతను ఒక్కడే భోంచేసి, మాత్ర మింగి లేస్తుంటే ఫోను మోగింది. అలల హోరులో రెండు గొంతులూ కలిసి వచ్చాయి.

"మాత్ర వేసుకున్నావట్రా?"

"మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాను," అన్నాడు ఇద్దరికీ కలిపి ఒక్కసారే. డాక్టరుగారు చెప్పిన మోతాదు అంతే.