సందుగ మూత, ఎనిమిది తలుపులు

వనపర్తిలో వడ్రంగి బాలకిష్టయ్య ఆ పొద్దున చాయ్ తాగుతూనే పని ఎట్లా చేయాలో నిశ్చయించుకున్నాడు. లలితమ్మ తెచ్చిన టేకు చెక్క మందం అంగుళం. ఆమె వంటింటి అల్మారాకు తలుపులు ఎనిమిది. చెక్కను ఎనిమిది పలుచని పొరలుగా కోసి, ఒక్కో పొరను ఒక్కో ప్లైవుడ్ తలుపు మీద అతికించాలి.

"మా అవ్వ బట్టల సందుగ మూత ఇది. ముక్క గూడ పారేయొద్దు" అని లలితమ్మ మరీమరీ చెప్పింది.

చిక్కంతా రంపంతోనే. దుకాణంలో ఉన్నదానితో కోస్తే పొర ఎంత మందమో పొట్టుగా పోయేదీ అంతే. ఆరు పొరలకే చెక్క అయిపోతుంది.

"ఆరొచ్చినకాడికి చెయ్యి. రెండిటికి రంగెయ్యి" అంది భార్య మల్లమ్మ.

"ఎనిమిదంటే ఎనిమిదే."

హైదరాబాద్ నుంచి సగం మందం రంపపు పట్టీ తెప్పించాడు. ఊపిరి బిగబట్టి మూడు రోజులు కోశాడు. ఎనిమిదీ వచ్చాయి. రాలిన పొట్టుతో మల్లమ్మ స్నానాలకు నీళ్లు కాచింది.

తలుపులు బిగించాక లలితమ్మ వాటిని చాలాసేపు చూసింది. ఒకే చెక్క నుంచి వరసగా కోసిన పొరలు కదా, ఎనిమిదింటి మీదా అవే గీతలు, అదే చోట అదే ముడి.

"ఇది టేకు గాదు, మైకా షీటు గదా, బాలకిష్టయ్యా?"

"మైకా ఏందమ్మా! మీ అవ్వ సందుగే."

"అన్నిట్ల గీతలు ఒక్కతీరు ఎట్లుంటయి? అచ్చు గుద్దినట్టుంది. నా చెక్క ఏడ పెట్టినవ్? ఒక్క ముక్క చూపెట్టు."

చూపడానికి ముక్క మిగిలితే కదా!

"పోనీ, పొట్టన్న చూపెట్టు."

"దాంతోని నీళ్లు కాగినయమ్మా."

లలితమ్మ గొంతు వీధి దాకా వినిపించింది. పక్కింటి సత్తెమ్మ వచ్చి, తలుపును గోటితో తట్టి, "మైకానే" అని తేల్చేసింది.

ముప్పై ఏళ్ల పనిలో బాలకిష్టయ్య దొంగ అనిపించుకోలేదు. లోపలా టేకే అని చూపుదామని మొదటి తలుపు మీద పంతంగా నాలుగైదు సార్లు రందాతో చిత్రిక పట్టాడు. పొర అసలే పలుచన. కింద ప్లైవుడ్ బయటపడింది.

"సూసినవా లలితమ్మా! మీద కాయిదం, కింద ప్లైవుడ్!" అంది సత్తెమ్మ.

బాలకిష్టయ్య తగ్గలేదు. "అమ్మా, జర ఇస్త్రీపెట్టె తీస్కరా" అన్నాడు. అదే తలుపు మీద తడిగుడ్డ పరిచి, వేడితో జిగురు మెత్తబరిచి, పొరను ఊడదీశాడు. అది నిలువునా చీలింది. ఒక ముక్క లలితమ్మ చేతిలో పెట్టాడు.

"తిప్పి చూడు. మైకాకు ఎనక దిక్కు గూడ ఇవే గీతలుంటయా? వాసన చూడు."

ఆమె ముక్కను విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు తడిశాయి.

"మా అవ్వ చీరెలకు ఇదే వాసన... నోరు జారిన, బాలకిష్టయ్యా. తప్పు నాదే."

సత్తెమ్మకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.

నిజమైతే తేలింది గాని ఒక తలుపు బోడిగా మిగిలింది. బాలకిష్టయ్య గద్వాల దాకా వెళ్లి, నాలుగు దుకాణాలు తిరిగి, ఆ రంగుకు దగ్గరగా ఉన్న మైకా ముక్క తెచ్చి దానికి అతికించాడు.

వారం తర్వాత అల్మారా చూడవచ్చిన చుట్టాలందరూ ఆ మైకా తలుపునే నిమిరి, "ఇదొక్కటే అసలు టేకు" అన్నారు.