సమతూకపు మొగుడు

ప్రజలకు సేవ చేయదలచినవాడు ముందుగా ప్రజల్లోంచి లేచి వెళ్ళి, ఒక గదిలో కూర్చుని తలుపు వేసుకోవాలి. అధికారులను ఎంపిక చేయడానికి వెలసిన యోగ్యతా మండలి వారి మూలసూత్రం ఇదే. తలుపు వేసుకున్నవాణ్ణి అభ్యర్థి అంటారు. తలుపు బయట నిలబడి టీ అందించేవాళ్ళను కుటుంబం అంటారు. కుటుంబానికి ప్రత్యేకించి అర్హతలంటూ ఏమీ లేవు. ఓపిక ఒక్కటి ఉంటే చాలు. దానికి గరిష్ఠ పరిమితి కూడా లేదు.

అభ్యర్థికి మాత్రం ఉన్నాయి. ఏదో ఒక విషయంలో పట్టా ఉండాలి, ఆ విషయంతో మళ్ళీ ఎన్నడూ పని పడకూడదు. (మా మేనల్లుడు వంతెనలు కట్టడం చదివాడు. ఇప్పుడు మూడు వేల ఏళ్ళ కిందటి కుండపెంకుల మీద పడ్డాడు. వంతెన అవసరమైనవాళ్ళు ఈదుకుంటూ పోతున్నారు.) వయసు ఫలానా అంకె దాటకూడదు. దాటిన మర్నాడు తెల్లవారేసరికి మనిషి తెలివి విరిగిపోతుందని మండలి వారు శాస్త్రీయంగా తేల్చారు. అలా విరిగిన తెలివి వృథా కాకుండా శిక్షణ కేంద్రాల వారు పట్టుకెళ్ళి పాఠాలు చెప్పించుకుంటారు. పరీక్ష రాయడానికి పనికిరానివాడు పరీక్ష ఎలా రాయాలో చెప్పడానికి భేషుగ్గా పనికొస్తాడన్నమాట. ఇక నడవడిక మంచిదని ఒక పెద్ద అధికారి సంతకం పెట్టాలి. ఆ అధికారి అభ్యర్థిని ఎన్నడూ చూసి ఉండకపోతే మేలు. చూసినవాళ్ళు సంతకానికి వెనకాడతారు.

ఇవన్నీ చిల్లర అర్హతలు. అసలుది సమతూకం.

సమతూకం అంటే ఎవరేం అడిగినా అవుననీ అనకుండా, కాదనీ అనకుండా జవాబు చెప్పడం. ముందు పీఠిక. తర్వాత ఒక వైపు వాదన. ఆ వెంటనే, మొదటిదానికి కోపం రాకుండా, రెండో వైపు వాదన. నడుమ ఏదో ఒక కమిటీ ఏమందో ఒక ముక్క. చిట్టచివర 'ముందున్న మార్గం'. ముందున్న మార్గం అంటే ఎవరూ కూర్చున్నచోటి నుంచి లేవనక్కర్లేని మార్గం. మా ఊరి బడిలో ఈ చదువు లేదు. పంతులు అడిగితే తెలిసినవాళ్ళం చెప్పేవాళ్ళం, తెలియనివాళ్ళం చెయ్యి చాచేవాళ్ళం. బెత్తానికి రెండో వైపు వాదన ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు. అందుకే మాలో ఎవరమూ పైకి రాలేదు.

మా మేనల్లుడు, అంటే మా చెల్లెలి కొడుకు, వస్తాడనే అందరి నమ్మకం. వీధిలో అతన్ని 'ఆఫీసరు' అంటారు. ఇంకా కాలేదు. అయ్యాక ఏమనాలో అప్పుడు చూసుకుంటారు. ఈ ఏడాది అతనికి ఆఖరి అవకాశం. వచ్చే ఏడు పరీక్ష నాటికి తెలివి విరిగిపోతుంది. గది నాలుగు గోడలకూ పటాలు. గోడలు చాలక, భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న నిలువుటద్దం మీద కూడా నదుల పటం అంటించాడు. ఆ అమ్మాయి రెండు ఉపనదుల మధ్య మిగిలిన జాగాలో ముఖం చూసుకుని తల దువ్వుకుని డ్యూటీకి వెళ్తుంది. ఆసుపత్రిలో నర్సు. అతను ముక్కలు కత్తిరించుకున్నాక దినపత్రిక మా చేతికి వచ్చేసరికి నిండా కిటికీలు ఉంటాయి. నేను పత్రిక చదువుతుంటే ఎదురుగా కూర్చున్న మా చెల్లెలు కనపడుతుంది. దేశం సంగతులకంటే ఆమె ముఖమే కాస్త నయం కనుక నేనేమీ అనలేదు.

సమతూకం మొదట్లో జవాబుపత్రం వరకే ఉండేది. తర్వాత మెల్లగా నాలుకకు పాకింది. స్నానాల గదిలో గొట్టం పగిలిన రోజు సంగతి చెప్తాను. ప్లంబరు వచ్చి, మెయిన్ కట్టేయమంటారా అని మావాణ్ణి అడిగాడు. మావాడు గొంతు సవరించుకున్నాడు. నాగరికతలన్నీ నీటి ఒడ్డునే పుట్టాయన్నాడు. నీటి సరఫరా నిలిపివేతకు అనుకూలంగా నాలుగు అంశాలు, ప్రతికూలంగా నాలుగు అంశాలు చెప్పాడు. కమిటీ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు ప్లంబరు మోకాళ్ళు దాటాయి. ముందున్న మార్గం మొదలయ్యేసరికి అతని స్పానరు తేలింది. ఇనప స్పానరే. నేను కళ్ళారా చూశాను. నమ్మకం లేకపోతే ఆ ప్లంబరునే అడగండి, అయితే అతను కూడా ఇప్పుడు సూటిగా చెప్పడు. ఆ వాగ్ధాటికి ముగ్ధుడై నెల తిరక్కుండా మావాడు వెళ్ళే శిక్షణ కేంద్రంలోనే చేరాడు. మా వీధిలో ప్రస్తుతం కుళాయిలకు వైద్యం లేదు గానీ, నీటి విధానం మీద మాట్లాడేవాళ్ళు ఇద్దరున్నారు.

ఇంతలో మండలి వారు కొత్త నిబంధన తెచ్చారు. గత అయిదేళ్ళలో అభ్యర్థికి ఏ విషయం మీదా స్థిరమైన అభిప్రాయం లేదని ఇంట్లోవాళ్ళు రాసివ్వాలి. దీని పేరు అభిప్రాయరాహిత్య ధ్రువపత్రం. రాయించుకోవడానికి ఒక సహాయ పరిశీలకుడు ఇంటికి వచ్చాడు. చంకలో ఫైలు, ముఖంలో ఏమీ లేదు. (ఆయన ముఖం చూస్తే పరీక్ష పాసైన మనిషేనని తెలిసిపోతుంది.) మా చెల్లెలు మావాడి సుగుణాలన్నీ వరసపెట్టింది. ఆయన అవి రాసుకోలేదు. భార్య వైపు తిరిగి, మీవారు మీ దగ్గరైనా ఏదైనా ఒకటి తెగేసి చెప్పడం జరిగిందా అని అడిగాడు. ఆ అమ్మాయి ఆలోచించడానికి కూడా ఆగలేదు.

"ఎక్కడ పెట్టాలి సంతకం?" అంది.

మా చెల్లెలికి ఆనందంతో కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఆ సంతకం తడి ఆరకముందే అసలు చిక్కు వచ్చిపడింది. అమ్మాయికి హెడ్ నర్సుగా ప్రమోషన్ ఇచ్చి, వేరే ఊళ్ళో పెద్దాసుపత్రికి వేశారు. ఉండడానికి క్వార్టరు ఇస్తారు. కుటుంబంతో వస్తే రెండు గదులది, ఒంటరిగా వస్తే ఒక గదిది. ఏది కావాలో సోమవారం లోపు చెప్పాలి. ఆ పూట ఆమె గది తలుపు తట్టి, గడపలో నిలబడే అడిగింది. "నాతో వస్తారా, రారా? పుస్తకాలన్నీ నేనే మోయిస్తాను. అక్కడా తలుపులుంటాయి, వేసుకోవచ్చు."

నేను వసారాలో ఉన్నాను. మంచి ప్రశ్న అన్నాడు మావాడు. నిర్ణీత గడువులో సమాధానం ఇస్తానన్నాడు.

ఆమె వచ్చి నా ఎదుట ముక్కాలిపీట మీద కూర్చుంది. నవ్విందో, నవ్వబోయిందో సరిగ్గా చెప్పలేను. "మా వార్డులో స్పృహ లేనివాళ్ళు కూడా, నొప్పా అంటే తలాడిస్తారు మావయ్యగారూ," అంది. "నేను అడిగింది కుండపెంకుల గురించి కాదు కదా. వస్తే వస్తారు, లేకపోతే రారు. రాకపోయినా నేను తట్టుకుంటాను. తెలియకపోవడమే తట్టుకోలేకపోతున్నాను."

మా చెల్లెలు లోపలి నుంచి, వాడు తొందరపడి మాట జారే రకం కాదమ్మా అని గర్వంగా అంది. ఆఫీసరయ్యాక ఇలాంటి క్వార్టర్లు గుమ్మం ముందు వరస కడతాయని కూడా అంది.

నేను మేనల్లుడి దగ్గరికి వెళ్ళాను. అప్పటికే జవాబు రాసేశాడు. ఇంకేం, ఇచ్చెయ్ అన్నాను. దిద్దించకుండా ఎలా ఇస్తాను మావయ్యా అన్నాడు. అభ్యర్థి రాసిన ప్రతి జవాబూ శిక్షణ కేంద్రంలో దిద్దించుకోవాలి. దిద్దని జవాబును బయట వాడితే చెయ్యి పాడవుతుందట. దిద్దడానికి మూడు పనిదినాలు పడుతుంది, శని ఆదివారాలు పనిదినాలు కావు. అమ్మాయి బస్సు సోమవారం పొద్దున్న.

ఇలా కాదని శుక్రవారం నాడు నేనే శిక్షణ కేంద్రానికి వెళ్ళాను. మెట్ల పక్కన చెప్పులు గుట్టగా ఉన్నాయి, మెట్ల మీద మనుషులు ఉన్నారు. 'అత్యవసర కుటుంబ ప్రశ్నలు' అని విడిగా ఒక కౌంటరే ఉంది. అంటే అవస్థ మావాడొక్కడిదే కాదన్నమాట. టోకెన్ తీసుకుని నిలబడ్డాను. నా ముందున్నవాడికి కొత్తగా పెళ్ళయింది. నేనంటే ఇష్టమేనా అని భార్య అడిగిందట. పీఠిక బాగా కుదిరింది గానీ గణాంకాలు తక్కువయ్యాయని వెనక్కి పంపారు, తిరగరాసి తెచ్చాడు. అతని ముందు నెరిసిన మీసాలాయన తన రెండో కొడుకు పత్రం కోసం వచ్చాడు. పెద్ద కొడుకు సంగతీ చెప్పాడు. వాళ్ళ తాతగారు, ఆపరేషన్ చేయించుకోమంటావా వద్దంటావా అని మనవణ్ణి అడిగారట. జవాబుకు పదికి ఎనిమిది వచ్చాయి. తాతగారు ఆగలేకపోయారు. అయినా ఎనిమిది తక్కువేం కాదన్నాడాయన.

కేంద్రం పెద్దను సమతూకం మాస్టారు అంటారు. పరీక్ష ఎన్నిసార్లు రాయనిస్తారో అన్నిసార్లూ రాసి, తెలివి విరిగాక స్థిరపడ్డ మనిషి. బల్ల మీద రెండు గ్లాసుల నీళ్ళున్నాయి, ఏదీ తాగినట్టు లేదు. నేను నా గోడు చెప్పుకున్నాను. పిల్ల వెళ్ళిపోతోంది, అవునో కాదో ఒక్క మాట చెప్పనివ్వండి మాస్టారూ అన్నాను.

ఆయన జాలిగా చూశాడు. "ఒక్క మాటకు మార్కులుండవండీ."

"మార్కులకు కాదండీ, భార్యకు."

"అలవాటు తప్పుతుంది పెద్దాయనా. ఇవాళ ఇంట్లో అవునంటాడు. రేపు పరీక్షలో చెయ్యి ఊరుకోదు, అక్కడా అవునంటుంది. నిరుడు ఒకడు ఇలాగే ఇంట్లో ఏదో ఒప్పుకుని వచ్చి, దారిద్ర్యం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు చెడ్డదని రాసి కూర్చున్నాడు. మేం ఏం చేయగలం? వెళ్ళిపోయాడు. ఎక్కడో బడిపంతులు పని చేసుకుంటున్నాడట."

ఆ దుర్గతికి నేను కూడా అయ్యో అన్నాను. చివరికి నా వయసు చూసి కనికరించి, మేనల్లుడి పత్రాన్ని సెలవు రోజుల్లోనే దిద్దించే ఏర్పాటు చేశాడు. దిద్దేది ముఖ్య సమతూక పరిశీలకుడట. ఆయనకు పెళ్ళి కాలేదు. కుటుంబ ప్రశ్నల్లో పక్షపాతం ఉండకూడదని అలాంటివారినే పెడతారు.

శనివారం పత్రం దిద్ది వచ్చింది. మావాడు దాన్ని చూసుకుని, సవరించి, మళ్ళీ పంపి, మళ్ళీ తెప్పించుకున్నాడు. ఆ రెండు రోజులూ అమ్మాయి ఇల్లు సర్దింది. అతని చొక్కాలు ఇస్త్రీ చేసి ఒక బొత్తి పెట్టింది. ఆ బొత్తిని తన పెట్టెలో పెట్టడానికి జాగా వదిలి, బొత్తిని మాత్రం మంచం మీదే ఉంచింది. పెట్టె మూత వేయలేదు.

సోమవారం పొద్దున్న బస్టాండుకు ముగ్గురం వెళ్ళాం. మూత వేసిన పెట్టెను నేనే మోశాను, తేలిగ్గా ఉంది. మావాడి రెండు చేతుల్లోనూ పత్రం ఉంది. ప్లాట్‌ఫారం మీద ఒకడు ఊడుస్తున్నాడు, ఇంకొకడు ఊడ్చినచోట వేరుశనగ తొక్కలు పోస్తున్నాడు. బస్సు వచ్చి ఆగింది. అమ్మాయి అతని వైపు చూసింది. అతను గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

"కుటుంబం సమాజానికి మూలకణం. ఉద్యోగరీత్యా జరిగే వలసలు దీనిపై బహుముఖ ప్రభావం చూపుతాయి. ఒకవైపు, దంపతులు కలిసి నివసించడం వల్ల మానసిక స్థైర్యం, వంటింటి వనరుల పొదుపు సమకూరుతాయి. మరోవైపు..."

డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. కండక్టరు రైట్ రైట్ అనబోయి, ఇదేదో ప్రభుత్వ ప్రకటన అనుకుని వినయంగా ఆగాడు. కిటికీల్లోంచి జనం చెవులు రిక్కించారు. అమ్మాయి పైటకొంగు వేలికి చుట్టుకుంటూ, అక్షరం వదలకుండా వింది. మరోవైపు అయిపోయింది. కమిటీ అయిపోయింది. 'ముందున్న మార్గం' అనగానే చుట్టడం ఆపింది.

"కావున, ఉభయ పక్షాల ప్రయోజనాలను సమన్వయపరుస్తూ, దశలవారీగా, సందర్భోచితంగా ముందుకు సాగడం వాంఛనీయం."

"అయిపోయిందా?" అంది ఆమె.

"అయిపోయింది."

"ఇంకేం లేదా చివర్న?"

"లేదు. ఇంతే ఉండాలి."

ఆమె సంచిలోంచి ఫోను తీసి ఆసుపత్రికి చేసింది. మామూలు గొంతుతోనే, ఒక గది చాలండీ అని చెప్పింది. నా దగ్గర పెట్టె అందుకుని, మందులు వేళకు వేసుకోండి మావయ్యగారూ అంది. బస్సు ఎక్కింది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా ఇవతలి సీట్లో కూర్చుంది. కండక్టరు ఇంకా ఏమైనా చదువుతారేమోనని ఓ క్షణం చూసి, రైట్ అన్నాడు.

బస్సు మలుపు తిరిగాక మావాడు పత్రాలు నా చేతికిచ్చాడు. సవరించినదానికి పదికి తొమ్మిది. దాని కింద మొదటిసారి రాసింది, దానికి ఏడున్నర. రెండూ ఒకటే జవాబు. మొదటిదానికి చివర మాత్రం ఇంకో రెండు వాక్యాలున్నాయి. 'ఇదంతా ఎలా ఉన్నా, నువ్వు లేని ఇంట్లో నాకు ఒక్క అక్షరం బుర్రకెక్కదు. వస్తాను.' వాటి మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, పక్కన 'వ్యక్తిగతం, తొలగించగలరు' అని రాసి ఉంది.

"ఈ ముక్క చదవలేదేంరా?" అన్నాను.

"అది తీసేస్తేనే కదా మావయ్యా, ఒకటిన్నర మార్కు పెరిగింది," అన్నాడు.