చెంచురామయ్య గారి మోత

ఆ ఆదివారం పొద్దున్నే గుంటూరు బ్రాడీపేటలో బయలుదేరి, పొదిలిలో మేనత్త బసవమ్మను ఒక మాట అడిగి, సాయంత్రానికల్లా తిరిగొచ్చేయాలనుకున్నాడు చైతన్యకృష్ణ.

అతను కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాడు. తీరిక దొరికితే నాయిస్ మ్యూజిక్ చేస్తాడు. అందులో రాగం, తాళం ఉండవు. యంత్రాల రొద, అరుపులు, వింటే గుండె దడ పుట్టే శబ్దాలు ఉంటాయి. బెంగళూరు కచేరీలో వినిపించబోయే ముక్కలో మొదట బసవమ్మ ఏడుపు, తర్వాత పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లు మోత. మావయ్య చెంచురామయ్య పోయిన రోజు ఆమె ఏడుస్తుంటే ఇతను ఫోన్లో రికార్డు చేశాడు. "ఆవిడ్ని అడిగారా?" అంది భార్య బిందుమాధవి. ఆ ప్రశ్నే ఇప్పుడు అతన్ని పొదిలికి లాక్కొచ్చింది.

బసవమ్మకు చెవులు మందం. ఫోన్లో వినపడదని, పక్కింటి కోటేష్ పెళ్లిళ్లకు అద్దెకిచ్చే సౌండ్ బాక్సు వరండాలో పెట్టించాడు. ఏదో పాటే అనుకుని కోటేష్ సౌండు పూర్తిగా పెంచి మీట నొక్కి, టీ తాగడానికి బజారుకెళ్లాడు. బసవమ్మ ఇంకా వంటింట్లో మిక్సీ దగ్గరే ఉంది.

ఏడుపు వీధంతా వినపడింది. ఎవరో పోయారని ఆడవాళ్లు పరుగున వచ్చారు. ఆ ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే కాబట్టి, పోయింది ఆమేనని వెనకొచ్చినవాళ్లు తేల్చారు. ఒకరు పెదకాకాని బంధువులకు ఫోన్ చేశారు. ఇంకొకరు దండ తెచ్చారు. చైతన్య బాక్సు ఆపబోతే, దుఃఖంలో ఉన్నాడని నలుగురు పట్టుకుని కూర్చోబెట్టారు.

అంతలో బసవమ్మ చట్నీ గిన్నెతో బయటికొచ్చింది. ఎవరు పోయారని ఆమె అడిగితే, దండ తెచ్చినావిడ దాన్ని వీపు వెనక దాచింది. తన ఏడుపు తనకే వినపడి గడపలో కూలబడింది. చైతన్య విడిపించుకుని బాక్సు ఆపి, జరిగిందంతా చెప్పాడు.

"చావింట్లో ఏడుపుని పాట చేస్తావా?" అంది కోటేష్ భార్య కోటేశ్వరి. అతను తలదించుకుని, మొత్తం చెరిపేస్తానన్నాడు.

"చివర్లో ఏదో మోతొచ్చింది. అదేంటి?" అంది బసవమ్మ.

"మావయ్య పనిచేసిన మిల్లు అత్తయ్యా. మూసేయకముందు తీశాను."

"అది పెట్టు."

ఈసారి సౌండు తగ్గించి, మిల్లు మోత ఒక్కటే వినిపించాడు. బసవమ్మ బాక్సు మీద అరచెయ్యి ఆనించింది. చెంచురామయ్య కనుబొమ్మల్లో దూది నుసితో ఇంటికొచ్చేవాడు. ఇంట్లో కూడా యంత్రం పక్కన నిలబడ్డట్టే అరిచి మాట్లాడేవాడు. ఆమె కూడా అరిచే జవాబిచ్చేది. మొగుడూ పెళ్లాం తిట్టుకుంటున్నారని అప్పట్లో వీధి అనుకునేది. అది గుర్తొచ్చి బసవమ్మతో పాటు కోటేశ్వరి కూడా నవ్వింది.

"నా ఏడుపు తీసెయ్యరా. అది ఆయన కోసం ఏడ్చింది, ఊళ్లోవాళ్లకి వినిపించడానికి కాదు. ఈ మోత ఉంచుకో. ఆయన ఇంట్లో తిరుగుతున్నట్టే ఉంది," అంది బసవమ్మ. సౌండు ఇంకొంచెం పెంచమంది.

సాయంత్రం పెదకాకాని బంధువులు ఏడుస్తూ కారు దిగారు. ఎవరూ పోలేదని తెలిశాక, ఇంత దూరం వచ్చి ఊరికే పోతామా అని రెండు రోజులు ఉండి వెళ్లారు.