పరుపుల కొట్లో సెరిబెల్లం

ఆ ఉదయం బావమరిది వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండుకల్లా బావగారి పరుపుల కొట్లోంచి బయటపడి మైదానానికి ఒకటే ఉరుకు! ఇవాళ వీధి జట్టు ఫైనల్. ఉన్న ఒక్కగానొక్క గోల్‌కీపరూ తనే. చిక్కల్లా, ఇకమీదట బావతో అబద్ధమాడనని అక్క మీద ఒట్టేశాడు. అందుకని ఒక నిజం వెతికి పెట్టుకున్నాడు.

"బావా, సెలవు కావాలి. నాకు సెరిబెల్లం ఉంది."

అక్షరాలా నిజం. తల వెనక, అడుగున ఉండే చిన్నమెదడు పేరది. మనిషిని తూలిపడకుండా నిలబెట్టేది అదే. పుట్టిన ప్రతివాడికీ ఉంటుంది. పాపం బావకు తెలిసిన శాస్త్రమంతా దూది, పీచు, స్పాంజి.

"ఎక్కడరా?" బావ కుర్చీలోంచి లేచొచ్చాడు.

"తల వెనకాల."

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచీ."

"ఓరి నీ దుంపతెగ! పిల్లనిచ్చేటప్పుడు మీవాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదేంట్రా! అంటే... మీ అక్కకి కూడానా?"

"అక్కకీ ఉంది బావా."

బావ వెంటనే ఇంటికి ఫోన్ చేసి, కుర్చీలోంచి లేవొద్దని అక్కకు చెప్పాడు. ఇక బావమరిదిని రోడ్డు మీదికి పంపితేనా! అద్దాల వెనకున్న ఖరీదైన పరుపు మీద పడుకోబెట్టి, దొర్లకుండా చుట్టూ దిండ్లు పేర్చాడు. పక్కనున్న చెప్పుల కొట్టాయన పరుగెత్తుకొచ్చాడు.

"సెరిబెల్లమా! మా పెదనాన్నకీ ఉండేదంటండీ. ఆయన పోయేదాకా వదల్లేదు!"

కాసేపట్లో అద్దం అవతల ఎంత జనం చేరారంటే, ఏం జరిగిందో కనపడని వెనకవాళ్ళు కూడా ముందుజాగ్రత్తగా కళ్ళు తుడుచుకుంటున్నారు.

పదకొండు కావస్తోంది. బావమరిది దిండ్లు పక్కకి తోశాడు. "బావా, అది జబ్బు కాదు! కావాలంటే డాక్టర్నే అడుగు!"

బావ అడిగాడు. "ఉంటుందండీ, మీకూ ఉంటుంది," అని డాక్టరు పని తొందరలో ఫోన్ పెట్టేశాడు.

బావ చెయ్యి మెల్లగా తల వెనక్కి వెళ్ళింది. అక్కడేదో గట్టిగానే తగిలింది. మనిషి నిలువునా పక్క పరుపు మీద కూలాడు.

"ఒరేయ్... ఇవాళ్టికి కొట్టు నీదేరా. నన్నొదిలి కదలకు!"

"అది అందరికీ ఉంటుంది బావా!"

"నాకు ధైర్యం చెప్పకురా..." అంటూ బావ వాడి మణికట్టు పట్టుకున్నాడు. ఉడుంపట్టు! ఇంతలో అవతల జనం లోపలికి తోసుకొచ్చారు. సెరిబెల్లం ఉన్నవాళ్ళు పడుకునే పరుపు ఏదో చూపించమని ఒకటే గోల.

కెప్టెన్ ఫోన్ చేశాడు. "ఎక్కడ చచ్చావురా?"

"రాలేనురా. మా బావకి సెరిబెల్లం ఉంది."

"అందరికీ ఉంటుందిరా. నీ ఒక్కడి సంగతే అనుమానం!"

ఆ రోజు పరుపులు బాగానే పోయాయి. మైదానంలో గోల్స్ అంతకన్నా బాగా పడ్డాయి.