గుర్తుపెట్టుకోమంటారా, వద్దంటారా?

అయ్యలారా, అమ్మలారా! ఈ లోకంలో సుఖమంటూ ఉంటే అది ఫారం నింపడంలోనే ఉంది. కాదన్నవాళ్లు ఒక్కసారి మా కల్వకుర్తికి రండి.

ఈ 1999లో మాకు కూడా ఈమెయిల్ వచ్చింది. బస్టాండు వెనక నూరుద్దీన్ సెంటర్ పెట్టాడు. ఒకటే కంప్యూటర్, అందులో అడిగినవాళ్లందరికీ తలా ఒక డబ్బా. మెయిల్ వస్తే ప్రింటు తీసి, మొహం చూసి చేతికిచ్చేవాడు. మొహం చూసి ఇచ్చేయడమే! ఎంత అనాగరికం!

అదృష్టం బాగుండి పట్నంలోని మెయిల్ కంపెనీ కొత్త రూలు పంపింది. వచ్చిన మనిషిని గుర్తుపెట్టుకోవాలంటే ముందు ఆ మనిషి అనుమతి కావాలి. మూడు పేజీల ఫారం, అది నింపితేనే మెయిల్ చేతికి. 'ఔను' అంటే ఒక్కసారితో సరి. 'వద్దు' అంటే, గడప దాటగానే ఆ ఫారం చింపేయాలి. వద్దన్న సంగతి గుర్తున్నా అది గుర్తుపెట్టుకోవడమే కదా! అందుకని మళ్లీ వస్తే మళ్లీ మొదటి పేజీ. ఇంత నిజాయితీ మీరు ఏ ఆఫీసులో చూశారు?

నేను మాత్రం మొదటిరోజే చదవకుండా 'ఔను' దగ్గర సంతకం గీకేశాను. మూడో పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలతో 'మా ఆప్తులకు తెలుపుటకు సైతం' అని ఉందట. ఆ రోజు నేను డాక్టరుకు రాసింది నా బట్టతల గురించి. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో నూనె సీసాలతో ఒకాయన! సాయంత్రం విగ్గుల ఆయన! కటింగ్ షాపు ఐలేశం ఇంటికొచ్చి పరామర్శించి పోయాడు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను, ఏనాడూ ఒక్కడు నా బాగోగులు అడగలేదు.

నా వైభవం చూసి, మెయిల్ కోసం వచ్చే సాలమ్మ బెదిరిపోయింది. ఆమె భర్త ఎల్లస్వామి మస్కట్‌లో మేస్త్రీ. పోయి మూడేళ్లయింది, బిడ్డ పుట్టింది ఆయన పోయాకే. ఏ రోజు దిగేదీ మెయిల్ చేస్తానన్నాడు. బిడ్డనెత్తుకుని ఎయిర్‌పోర్టులో నిలబడాలని ఆమె ఆశ.

"నన్ను గుర్తువెట్టుకోకు తమ్మీ. సారు గతి చూస్తనే ఉన్న" అని 'వద్దు' దగ్గర గీత పెట్టింది.

ఆమెదీ నూరుద్దీన్‌దీ ఒకే ఊరు, పక్కనున్న వెల్దండ. ఆమె చేతి సర్వపిండి తిని పెరిగినవాడు. అయితే ఏం? రూలు రూలే! రోజూ ఆమె రాగానే మొహం తిప్పుకుని, "ఎవరమ్మా మీరు?" అనేవాడు. మూడో పేజీకొచ్చేసరికి కరెంటు పోయేది. కరెంటు వచ్చేసరికి వెల్దండ బస్సు పోయేది. ఆరు రోజులు ఇదే వరస. 'ఔను' అనేయరాదా అని నేనే సలహా ఇచ్చాను. ఆమె నా తల వైపు చూసింది.

ఏడో రోజు సాలమ్మ చంకలో బిడ్డతో, బల్ల మీద వంగి రెండో పేజీలో ఉంది. ఆమె వెనక ఎవరో పెద్ద సూట్‌కేసు దింపారు. ఎయిర్‌పోర్టులో నాలుగు గంటలు ఎదురుచూసి, ఎవరూ రాక బస్సెక్కి వచ్చిన ఎల్లస్వామి!

"సాలమ్మకు నేను వంపిన మెయిలు ముట్టలేదా తమ్మీ?" అన్నాడు. మనిషి ఏడ్చేలా ఉన్నాడు.

నూరుద్దీన్ ఆయన్ను చూశాడు, ఆమెను చూశాడు. రూలు ప్రకారం ఆమె ఎవరో అతనికి తెలియకూడదు. నోటిదాకా వచ్చిన 'బావా'ను మింగేసి, ఇంకో ఫారం తీసి ఎల్లస్వామి ముందు పెట్టాడు.

సాలమ్మ వెనక్కి తిరిగింది. ఆమె ఏ ఫారమూ అడగలేదు. "వచ్చినవా?" అని బిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోవడమెందుకు!

ఇప్పుడు చెప్పండి, రూలు వల్ల ఏం నష్టం జరిగింది? రావలసినవాడు వచ్చాడు. ఆయన వస్తున్నాడన్న మెయిల్ ఇప్పటికీ డబ్బాలో భద్రంగా ఉంది.

నూనె సీసాల ఆయన మాత్రం మా ఇంటికి ఇంకా వస్తూనే ఉన్నాడు. నన్ను మరిచిపొమ్మని నిన్న నూరుద్దీన్‌ను బతిమాలాను. దానికి వేరే ఫారం ఉందన్నాడు. పదకొండు పేజీలు. నింపి ఇస్తే నా పేరు, చిరునామా, బట్టతలతో సహా శాశ్వతంగా దాచిపెడతారట.